ఎక్కడ ఆగాలో ముందే రాసుకోండి

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, ఖాజీపల్లి, బొంతపల్లి. ఈ ఊళ్లలో ఏ మందుల కంపెనీలోనైనా ఒక బ్యాచ్ మొదలు కావాలంటే ముందు ఒక కాగితాల కట్ట రావాలి. దాని పేరు బ్యాచ్ మాన్యుఫ్యాక్చరింగ్ రికార్డు. అక్కడ పనిచేసేవాళ్లంతా బీఎంఆర్ అంటారు. ఏ ముడిసరుకు ఎన్ని కిలోలు వేయాలి, ఏది ముందు, ఏది తర్వాత, ఎంత వేడి దగ్గర, ఎంతసేపు అన్నీ అందులో అచ్చయి ఉంటాయి. ముఖ్యమైన ప్రతి అడుగు దగ్గరా రెండు సంతకాలు పడాలి. చేసినవాళ్లది ఒకటి, చూసినవాళ్లది ఒకటి. పాత బ్యాచ్ తాలూకు డ్రమ్ము గానీ లేబుల్ గానీ గదిలో మిగల్లేదని చూసి లైన్ క్లియరెన్స్ ఇచ్చేదాకా కొత్త బ్యాచ్ కదలదు. పదిహేనేళ్లుగా అదే రియాక్టర్ దగ్గర నిలబడ్డ ఆపరేటరుకైనా ఇదే రూలు. 'నాకు తెలుసులే' అన్న మాట అక్కడ చెల్లదు.

అదే కంపెనీలో పనిచేసే ఒక కెమిస్టు ఆదివారం ఎలా గడుస్తుందో చూడండి. వెంచర్ వాళ్లు కారు పంపుతారు. సదాశివపేట దాటాక పొలాల మధ్య రంగురంగుల జెండాలు, షామియానా, భోజనాలు. 'రీజినల్ రింగ్ రోడ్డు వస్తే ఇక్కడ రేటు ఆగదు సార్, ఈ రోజే బుక్ చేస్తే గజానికి ఇంత తగ్గిస్తాం' అని ఒకరు చెవిలో చెబుతారు. పక్క టేబుల్ దగ్గర ఎవరో చెక్కు రాస్తుంటారు. సాయంత్రానికి మనవాడు టోకెన్ కట్టేసి ఇంటికొస్తాడు. ఐదు కిలోల ముడిసరుకు తూచడానికి రెండో మనిషి సంతకం అడిగినవాడు, పదేళ్ల పొదుపు కదిలించడానికి ఎవరినీ అడగలేదు.

అతను తెలివితక్కువవాడు కాదు. కంపెనీలో అతని తెలివిని కాపాడే ఒక పద్ధతి ఉంది, బయట లేదు. అంతే తేడా. పద్ధతి కంపెనీ సొత్తేమీ కాదు. గేటు దాటించి ఇంటికి తెచ్చుకోవచ్చు. ఎలా తెచ్చుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆరితేరినవాళ్లకే ఎక్కువ అవసరం

చెక్‌లిస్టు అనగానే చాలామందికి చిన్నతనంగా అనిపిస్తుంది. నిన్న చేరిన ట్రైనీకి కావాలి గానీ మనకెందుకు అనుకుంటారు. నిజానికి విమానరంగంలో అది పుట్టిందే ఆరితేరినవాళ్ల కోసం. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ కంపెనీ తన కొత్త బాంబరు విమానం మోడల్ 299ని సైన్యానికి ఎగరేసి చూపించింది. నడిపిన మేజర్ ప్లాయర్ హిల్ అనుభవమున్న టెస్ట్ పైలట్. విమానం లేచింది, కొద్ది ఎత్తుకే అదుపు తప్పి కూలిపోయింది. హిల్‌తో పాటు బోయింగ్ పైలట్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు. యంత్రంలో లోపం లేదని విచారణలో తేలింది. నేల మీద నిలిపినప్పుడు గాలికి తోక పలకలు కొట్టుకోకుండా వేసే గస్ట్ లాక్‌ను తీయడం మరిచిపోయారు. నాలుగు ఇంజన్ల విమానం, గుర్తుంచుకోవాల్సినవి అన్నీ ఇన్నీ కావు. ఆ తర్వాత పైలట్లు చేసిన పని చాలా చిన్నది. ఎగిరే ముందు, ఎగిరాక, దిగే ముందు చూసుకోవాల్సినవి వరుసగా రాసిపెట్టుకున్నారు. అదే విమానం బీ-17 పేరుతో 12 వేలకు పైగా తయారైంది.

మనిషి మరుపు రెండు సందర్భాల్లో ఎక్కువ దెబ్బ కొడుతుంది. పని బాగా అలవాటైపోయినప్పుడు ఒకటి, తొందరలో ఉన్నప్పుడు రెండోది. అనుభవమున్నవాళ్లకు ఈ రెండూ తరచుగా ఒకేసారి ఎదురవుతాయి.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది ఆసుపత్రి కథ. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పీటర్ ప్రొనొవొస్ట్ అనే డాక్టరు 2001లో ఐసీయూ కోసం ఐదు అంశాల పట్టీ రాశారు. పెద్ద రక్తనాళంలోకి సన్నని గొట్టం వేసేటప్పుడు ఇన్ఫెక్షన్ రాకుండా చూసేందుకు అది. చేతులు కడుక్కోవాలి, రోగి చర్మాన్ని మందుతో శుభ్రం చేయాలి, రోగిని శుభ్రమైన గుడ్డతో పూర్తిగా కప్పాలి, డాక్టరు మాస్కు, టోపీ, గౌను, గ్లౌజులు వేసుకోవాలి, చివర శుభ్రమైన కట్టు కట్టాలి. ఇందులో ఏ డాక్టరుకూ తెలియనిది ఒక్కటీ లేదు. ప్రొనొవొస్ట్ చేసిన అసలు మార్పు ఇంకొకటి. డాక్టరు ఒక్క అడుగు వదిలేసినా పని ఆపించే అధికారాన్ని నర్సులకు యాజమాన్యంతో ఇప్పించారు. తర్వాత మిషిగన్ రాష్ట్రంలోని ఐసీయూలలో ఇదే పద్ధతి పెడితే ఆ రకం ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతుల దాకా తగ్గాయని 2006లో ఫలితాలు వచ్చాయి.

రెండేళ్ల తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకు 19 అంశాల పట్టీ తెచ్చింది. అతుల్ గవాండే బృందం దాన్ని ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో వాడి చూసింది. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ ఉత్సాహంతో కెనడాలోని ఒంటారియోలో దాన్ని తప్పనిసరి చేశారు. 101 ఆసుపత్రుల లెక్కలు తీస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదని 2014లో బయటపడింది. అదే పట్టీ, అవే ప్రశ్నలు. పైనుంచి ఉత్తర్వు వచ్చినచోట టిక్కులు పడ్డాయి గానీ పని తీరు మారలేదన్నది పలువురు నిపుణులు చెప్పిన వివరణ. మన ఫ్యాక్టరీలు తెలిసిన ఎవరికైనా ఈ వివరణ వెంటనే అర్థమవుతుంది.

పర్మిట్ మీద సంతకం

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. రియాక్టర్ దగ్గరికి వెళ్లకుండా, ఆఫీసు టేబుల్ దగ్గరే కూర్చుని వర్క్ పర్మిట్ మీద సంతకం పెట్టడం అలాంటిదే. వెల్డింగ్ చేయాలంటే హాట్ వర్క్ పర్మిట్, ట్యాంకులో దిగాలంటే కన్‌ఫైన్డ్ స్పేస్ పర్మిట్ ఉండాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. ట్యాంకులో అది 19.5 కన్నా తగ్గితే మనిషి దిగకూడదు. మీటరు పెట్టి చూడనిదే ఆ అంకె కంటికి కనపడదు, ముక్కుకూ తెలియదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షనులోనే దీనికి రాతపూర్వక ధ్రువీకరణ కావాలని రాశారు. ఏళ్లు గడిచినా ట్యాంకులో ఒకరు పడిపోవడం, కాపాడబోయి మరొకరు దిగి ఆయనా పడిపోవడం మన వార్తల్లో చదువుతూనే ఉన్నాం.

పర్మిట్ పద్ధతి ఎక్కడ తెగుతుందో చెప్పే సంఘటన 1988 జులై 6న జరిగింది. ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు, గ్యాసు వేదిక మీద పగటి షిఫ్టువాళ్లు ఒక పంపుకు చెందిన సేఫ్టీ వాల్వు విప్పారు. పని పూర్తి కాలేదు. వాల్వు ఉండాల్సిన చోట తాత్కాలికంగా ఒక పలక బిగించి, ఆ సంగతి పర్మిట్ మీద రాశారు. ఆ కాగితం గురించి రాత్రి షిఫ్టు ఆపరేటర్లకు తెలియలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. విప్పి ఉన్న పంపును ఆన్ చేశారు. గ్యాసు లీకై పేలింది. 167 మంది చనిపోయారు. రూలు ఉంది, రాత ఉంది, పని చేసినవాళ్లకు సంగతి తెలుసు. ఆ సంగతి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే చోట జారిపోయింది.

షిఫ్టు మారే పావుగంటను నేను రోజు మొత్తంలో అతి ఖరీదైన సమయం అంటాను. బస్సు కోసం పరుగు, పంచింగ్ క్యూ, నిద్రమత్తు, అన్నీ అప్పుడే. 'అంతా నార్మలే' అన్న రెండు మాటలతో హ్యాండోవరు ముగించేవాళ్లు ఒక్క మూడు ప్రశ్నలకు జవాబు రాసి వెళ్లగలిగితే చాలు. సగంలో ఆగిన పని ఏది? మామూలుగా లేనిది ఏది? వచ్చేవాళ్లు ముట్టుకోకూడనిది ఏది? మూడోది తప్పకుండా రాయాలి, నోటితోనూ చెప్పాలి. ఇళ్లలోనూ ఇంతే. నాన్న ఎవరికో మాటిచ్చిన సంగతి కొడుక్కి తెలియదు, భర్త తీసుకున్న అప్పు భార్యకు తెలియదు. విప్పి ఉన్న పంపును ఎవరో ఒకరు ఆన్ చేస్తారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. మాత్రల తయారీలో వాడే మైక్రో క్రిస్టలైన్ సెల్యులోజ్ పొడిని అక్కడ తయారుచేస్తారు. 50 మందికి పైగా చనిపోయారు. కొందరి ఆనవాళ్లు కూడా ఇంటివాళ్లకు దొరకలేదు. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లు వారిలో ఎందరో ఉన్నారు. మన తెలుగువాళ్లూ ఉన్నారు. కారణమేమిటో, ఎవరి బాధ్యత ఎంతో తేల్చడం దర్యాప్తుల పని, న్యాయస్థానాల పని. అయితే ఇలాంటి ఘోరం తర్వాత కూడా 'కార్మికులు జాగ్రత్తగా ఉండాలి' అని ఉపన్యాసమిచ్చే వ్యక్తిత్వ వికాసాన్ని నేను ఒప్పుకోను. యంత్రాన్ని ఎంచుకునే అధికారం, నడిపే వేగాన్ని నిర్ణయించే అధికారం, మరమ్మతుకు డబ్బు కేటాయించే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో మొదటి బాధ్యత వాళ్లదే.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి కొత్త అధ్యాయం చేర్చారు. అందులో 41-హెచ్ సెక్షను, ప్రాణాపాయం ముంచుకొస్తుందని అనిపించినప్పుడు ఆ సంగతిని పైవాళ్ల దృష్టికి తెచ్చే హక్కును కార్మికులకు ఇచ్చింది. విన్నవాళ్లు వెంటనే సరిదిద్దాలని, లేదంటే ఇన్‌స్పెక్టరుకు నివేదించాలని చెప్పింది. కాగితం మీద ఇది మంచి రూలు. కాంట్రాక్టరు కింద రోజుకూలికి వచ్చిన, భాష రాని హెల్పరు ఒకడు 'ఇది ఆపండి' అంటే ఏమవుతుందన్నదే అసలు పరీక్ష. ఆ ఒక్క మాటకు మర్నాడు గేటు దగ్గర అతని పేరు కొట్టేస్తే ఆ కంపెనీలో ఎన్ని చెక్‌లిస్టులు ఉన్నా లేనట్టే. జవాబు 'కాదు' అని వచ్చినప్పుడు పని ఆగితేనే ఆ పట్టీకి విలువ. ఇంట్లో రాసుకున్న పట్టీకైనా ఇదే కొలమానం.

ముందే ఏడ్చి చూడండి

ఇప్పుడు ఆ ఆదివారం ప్లాటు దగ్గరికి వద్దాం. 2023లో 99 ఏళ్ల వయసులో కన్నుమూసిన చార్లీ ముంగర్, వారెన్ బఫెట్‌కు దశాబ్దాల పాటు వ్యాపార సహచరుడు. ఆయనకు ఇష్టమైన ఆలోచనా పద్ధతి ప్రశ్నను తిరగేయడం. కార్ల్ జాకోబీ అనే జర్మన్ గణితవేత్త నుంచి ఆ సూత్రం తీసుకున్నానని ఆయన పదేపదే చెప్పేవారు. 'ఇది ఎలా లాభిస్తుంది' అని అడిగితే మనసు కలలు కంటుంది. 'ఇది ఎలా చెడుతుంది' అని అడిగితే పనిలో దిగుతుంది. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త దీన్నే ఇంకొంచెం పదును పెట్టి 2007లో రాశారు. పని చెడిపోయిందనే అనుకోండి, అది అయిపోయింది, ఇప్పుడు కారణాలు రాయండి అంటారు. 'చెడుతుందేమో' అంటే నోరు మెదపనివాళ్లు కూడా 'చెడింది, ఎందుకు' అంటే నాలుగు కారణాలు చెబుతారు.

చేసి చూద్దాం. ఐదేళ్లు గడిచాయి. ప్లాటు చేతిలో లేదు, డబ్బూ లేదు, ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. ఎందుకు?

ఈ బెల్టులో ఉన్నవాళ్లు జవాబుల కోసం ఊహించనక్కర్లేదు. అమీన్‌పూర్ పేరు తలుచుకుంటే చాలు. 2016లో దేశంలోనే జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన మొదటి చెరువు అక్కడిదే. చుట్టూ కాలనీలు లేచాయి. 2024 సెప్టెంబరులో ఆ మండలంలోని కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడలలో ప్రభుత్వ భూమిలో కట్టారంటూ ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా భవనాలను కూల్చివేసింది. కొన్నవాళ్లలో చాలామంది నెలజీతంతో బతికేవాళ్లే. అదే అమీన్‌పూర్‌లో ప్రీ-లాంచ్ పేరుతో ఆకాశమంత భవనం బొమ్మ చూపించి ముందే డబ్బు కట్టించుకున్న వ్యవహారంలో వందలమంది ఏళ్ల తరబడి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగారు. అనుమతి రాకముందే తక్కువకు ఇస్తామన్న మాటే వాళ్లకు వల అయింది.

కారణాలు వచ్చాయి కాబట్టి వాటిని తిరగేస్తే పట్టీ దానంతటదే తయారవుతుంది. స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు), బఫర్ జోన్‌లోనో ఉందా? సర్వే నంబరు ప్రభుత్వ భూముల జాబితాలో ఉందా? లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి వచ్చిందా, వస్తుందని చెబుతున్నారా? ఈ రెండో మాట వినబడితే అక్కడే ఆగాలి. రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన వెంచర్‌కు గానీ, ఎనిమిది ఫ్లాట్లు దాటిన భవనానికి గానీ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ప్రకటనలు ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. కాబట్టి రెరా నంబరు లేని బ్రోచరు చేతికొచ్చిందంటే ఆ వెంచర్ గురించి మీకు కావాల్సిన మొదటి సమాచారం వచ్చేసినట్టే. ఆ తర్వాత ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, వాటిని చదివి చెప్పే లాయరు ఫీజు. లక్షలు పెట్టే దగ్గర కొన్ని వేల రూపాయల లాయరు ఫీజుకు వెనకాడేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఆ లాయరు వెంచర్ వాళ్లు చూపించినవాడు కాకూడదు. బీఎంఆర్ మీద రెండో సంతకం కూడా మొదటివాడే పెడితే ఆడిటరు ఊరుకుంటాడా?

చివరిగా ఇంకొక్కటి, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. 'ఈ రోజే' అన్న మాట ఎవరు అన్నా ఆ రోజు సంతకం పెట్టకూడదు. ఇందులో మినహాయింపు ఉండకూడదు. మంచి బేరం ఒకటో రెండో చేజారుతుంది, చేజారనివ్వండి.

దిగే ముందే దారి

ట్యాంకులో దిగేవాడిని పైనుంచి ఒకరు కనిపెట్టి ఉండాలి. నడుముకు తాడు ఉండాలి, అతన్ని పైకి లాగే ఏర్పాటు ముందే ఉండాలి. ఎలా దిగాలన్నది తర్వాత, ఎలా బయటికి వస్తామన్నది ముందు. దీన్ని డబ్బుకు వర్తింపజేస్తే సగం కష్టాలు దగ్గరికి రావు. తోటి ఉద్యోగి చిట్టీ ఎత్తుకుంటూ జామీను సంతకం అడిగాడనుకోండి. 'ఊరికే ఫార్మాలిటీ అన్నా' అంటాడు. భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే మాట ఉంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారుడి బాధ్యతా అంతే. కాబట్టి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. అతను రేపే ఊరు వదిలి వెళ్లిపోతే ఈ మొత్తం నేను కట్టగలనా, కట్టడానికి ఇంట్లో ఒప్పుకుంటారా? కట్టగలను, ఇంట్లోనూ ఒప్పుకుంటారు అనిపిస్తే పెట్టండి. స్నేహానికి అది గొప్ప కానుక. లేదంటే మొహమాటం పడకుండా, వయసులో పెద్దవాడైనా సరే, 'అన్నా, నాతో కాదు' అనండి.

రాత్రి షిఫ్టులో టీ బ్రేకులో ఫోనులో ఆప్షన్స్ ఆడే కుర్రాళ్లకు మరో పద్ధతి పనికొస్తుంది. 'నేను ఎంత తెలివైనవాడిని' అన్నది పక్కన పెట్టి, ఇదే పని చేసినవాళ్లందరికీ ఏమైందో ముందు చూడాలి. సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన లెక్క ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. సగటున ఒక్కొక్కరికి దాదాపు 2 లక్షల రూపాయలు పోయాయి. వందలో మిగిలిన ఏడుగురిలో నేనొకడిని అని చెప్పడానికి మీ దగ్గర ఏ ఆధారం ఉందో కాగితం మీద రాయండి. రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ యాప్ తీసేయండి.

'ఆ తర్వాత?' అని వరసగా మూడుసార్లు అడగడం ఇంకో పద్ధతి. దీని విలువ పటాన్‌చెరుకు తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదేమో. వ్యర్థజలాన్ని దగ్గరి వాగులోకి వదిలేస్తే ఖర్చు తగ్గుతుంది. ఆ తర్వాత? నక్కవాగు చెడింది, బావులు చెడ్డాయి, పొలాలు చెడ్డాయి. ఆ తర్వాత? వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఉమ్మడి శుద్ధి ప్లాంటు వచ్చింది. ఆ తర్వాత? ఆ ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జొయాకిమ్ లార్సన్ బృందం రాసింది. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచమంతా మాట్లాడుకునేటప్పుడు మన ఊరి పేరు వస్తోంది. మొదటి లెక్కలో మిగిలిన రూపాయి ఎవరి ఖాతాలో ఖర్చయిందో నక్కవాగు ఒడ్డు రైతును అడిగితే తెలుస్తుంది.

అన్నిటికీ ఇంత ఆలోచన అక్కర్లేదు. ఏ కూర వండాలి, ఏ ఫోన్ కొనాలి, ఏ కోర్సు చేరి చూడాలి అన్నవి తప్పినా వెనక్కి రాగల దారులు. అక్కడ త్వరగా తేల్చేసి ముందుకు వెళ్లడమే మంచిది. వెనక్కి రాలేనివి ఐదారే ఉంటాయి. ఇల్లు లేదా స్థలం, పెళ్లి, పెద్ద అప్పు, జామీను, చేతిలో ఉన్న ఉద్యోగం వదలడం, ఆపరేషన్. పట్టీలు వీటికి చాలు.

ఎలా రాయాలి, ఎప్పుడు రాయాలి

ప్రశాంతంగా ఉన్నప్పుడు రాయాలి. వెంచర్‌లో కూర్చుని రాసేది పట్టీ కాదు, మనసు అప్పటికే తీసుకున్న నిర్ణయానికి సాకు. ఒక్క పేజీ దాటకూడదు, ఏడెనిమిది ప్రశ్నలు మించకూడదు. ప్రతి ప్రశ్నకూ జవాబు అవును లేదా కాదు అనే రావాలి. 'బిల్డరు మంచివాడా' అన్నది ప్రశ్న కాదు. 'రెరా వెబ్‌సైట్‌లో ఈ నంబరును నేనే స్వయంగా చూశానా' అన్నది ప్రశ్న. ఏ ప్రశ్నకు 'కాదు' వస్తే ఇక ముందుకు వెళ్లకూడదో వాటి పక్కన ఎర్ర ఇంకుతో గీత గీయండి. అలాంటివి రెండు మూడే ఉండాలి, కానీ వాటితో బేరాలు ఉండకూడదు.

నైట్ షిఫ్టు చేసేవాళ్లు ఇంకొక నియమం పెట్టుకోవాలి. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి తీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి తీరుకు దగ్గరగా ఉంటుందని 1990లలో ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగాల్లో తేలింది. ఉదయం ఆరుకు డ్యూటీ దిగి, ఏడింటికి ఇస్నాపూర్ చౌరస్తాలో టీ తాగుతూ రాజీనామా మెయిల్ పంపేవాళ్లు, అప్పు కాగితాల మీద సంతకం పెట్టేవాళ్లు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. నిద్రపోయి లేచాక కూడా రాజీనామా చేయాలనిపిస్తే అప్పుడు చేయండి. ఆ మెయిల్ సాయంత్రం కూడా వెళుతుంది.

రెండో సంతకం ఎవరిది? మీతో ఎప్పుడూ 'సరే' అనేవాళ్లది పనికిరాదు. చాలా ఇళ్లలో ఆ పని బాగా చేయగలిగిన మనిషి ఇల్లాలే. నెలజీతం ఏ తారీఖుకు ఎంత మిగులుతుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కానీ అలాంటి మనిషికి మనం సంగతి చెప్పేది టోకెన్ కట్టేశాకే. పట్టీలో ఆమె సంతకానికి చోటు పెట్టండి. ఆమె 'వద్దు' అంటే ఆగుతానని ముందే మాట ఇవ్వండి. ఆ ఐసీయూ నర్సులకు ఇచ్చినటువంటి అధికారం ఆమెకూ ఇవ్వాలి, ఊరికే సలహా అడిగితే చాలదు.

నిర్ణయం అయ్యాక ఒక నోటుబుక్కులో తేదీ వేసి, ఎందుకు అలా తేల్చుకున్నారో నాలుగు వాక్యాలు రాసిపెట్టండి. మంచి జరిగితే 'నాకు ముందే తెలుసు' అనీ, చెడు జరిగితే 'నేను అప్పుడే అన్నాను' అనీ మనసు పాత జ్ఞాపకాన్ని మార్చేస్తుంది. రాసిన వాక్యం మారదు. దెబ్బ తగిలిన ప్రతిసారీ పట్టీలో ఏ ప్రశ్న లేకపోవడం వల్ల తగిలిందో చూసి ఆ ప్రశ్న చేర్చండి. ఎప్పుడూ ఉపయోగపడని ప్రశ్న ఉంటే కొట్టేయండి. కంపెనీలో ఎస్‌ఓపీలకు కొత్త వెర్షన్ నంబరు పడుతుంది. మీ పట్టీకీ పడాలి.

సూపర్‌వైజర్లకు, షిఫ్ట్ ఇన్‌చార్జులకు, మేనేజర్లకు ప్రత్యేకంగా ఒక విన్నపం. మీ కింద పనిచేసే హెల్పరు వచ్చి 'సార్, ఏదో తేడాగా ఉంది, ఆపుదాం' అన్నాడనుకోండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అతను పొరబడి ఉండవచ్చు. అయినా ఆపండి, వెళ్లి చూడండి, అందరి ముందు అతనికి థాంక్స్ చెప్పండి. పోయిన అరగంట ప్రొడక్షన్‌కు జవాబు మీరే చెప్పండి, అతని మీదికి నెట్టకండి. అతని మాట అతని భాషలో మీకు అర్థం కాకపోతే, తెలిసిన మనిషిని పిలిచి అడిగించండి. ఈ వారమే మొదలుపెట్టండి.